ప్రార్థనయు ఆదేశమును

మన యిండ్లలో పసిబిడ్డకు జ్వరము తగిలి మూడవనాటికిని దిగనప్పుడు తల్లి చేయు పని యొకటి కలదు. పసుపునీట తడిపిన గుడ్డముక్కలో ఒక రూపాయి నుంచి ముడివేసి, ఏడుకొండలవానికి మ్రొక్కుకొని, ఆ ముడుపును దేవునిగూటిలో పెట్టును. బిడ్డ లేచి తిరుగాడిన పిమ్మట ముడుపు కొండకు చేరును. చదువుకొన్న కొడుకు దీనిని చూచి నవ్వును. వైద్యుడు మందిచ్చుచుండగా ముడుపెందులకని యడుగును. తల్లి బదులు పలుకదు, ముడుపును విప్పదు. ఈ యిద్దఱిలో ఎవరు సరి యను ప్రశ్న ఒక్క మన యింటిది మాత్రమే గాదు. గొప్ప విద్వాంసులును గొప్ప భక్తులును ఒకే మందిరమున కూర్చుండి ఏబదియేండ్లు దీనిని తర్కించుకొనిరి. ఆ కాలముననే వారి సమాజము రెండు మాఱులు చీలెను. అది కలకత్తా బ్రహ్మసమాజము. దాని చరిత్రను మతచరిత్రగా చదువువారు పలువురు. ప్రార్థన యనగా నేమి, అది దేనికి అను నొక్క ప్రశ్నకు చరిత్రగా దానిని చదివిచూడవలెనని నా కోరిక.

రామమోహనరాయలు 1828 ఆగష్టు 20 వ తేదీన బ్రహ్మసభను నెలకొల్పెను. మొదట అద్దెయింటిలో శనివారపు సాయంకాలములందు సభ కూడెడిది. అక్కడి క్రమమును విన్న మనవారికి కొంత ఆశ్చర్యము కలుగును. మొట్టమొదట వేదపారాయణము, అది చేయువారు ఇద్దఱు తెలుగు బ్రాహ్మణులు. తరువాత ఉత్సవానంద విద్యావాగీశుడు ఉపనిషత్తులను చదువును. రామచంద్ర విద్యావాగీశుడు వంగభాషలో అర్థము చెప్పును. కడపట పాటలు. అయితే ఆ తెలుగువారు కూర్చుండునది సభలో గాదు, ప్రక్కగదిలో. బ్రాహ్మణులు గానివారికి అందు ప్రవేశము లేదు. 1830 జనవరి 23 న సభకు సొంత మందిరము ఏర్పడెను. ఏ జాతివారైనను, ఏ మతమువారైనను, మర్యాదగా మెలగువారెల్లరు వచ్చి నిత్యుడును నిర్వికారుడునైన సృష్టికర్తను ఆరాధింపవచ్చునని దాని ధర్మకర్తృత్వపత్రమున వ్రాసిరి. విగ్రహముగాని చిత్తరువుగాని లోనికి రాగూడదు. జీవహింస కూడదు. ఇతరులు పూజించు దేనినిగూర్చియు అక్కడ తూలనాడరాదు. పత్రమున అందఱికిని వాకిలి తెఱవబడెను. ప్రక్కగది తలుపుమాత్రము మూయబడియే యుండెను.

రాయలవారి యుపాసనలో కోరికకు చోటు లేదు. సృష్టియందలి క్రమమును చూచి దాని కర్తను స్మరించుటయే అందు ప్రధానము. ఆయన 1830 నవంబరులో ఆంగ్లదేశమునకు పయనమై, 1833 సెప్టెంబరు 27 న బ్రిస్టలు నగరమున దేహము చాలించెను. సభ క్షీణించెను. దీపము కొండెక్కకుండ కాపాడినవాడు రామచంద్ర విద్యావాగీశుడు.

ఆ దీపమునుండి క్రొత్తగా వత్తి వెలిగించుకొన్నవాడు దేవేంద్రనాథ ఠాకూరు. ఈయన 1817 లో కోటీశ్వరుని యింట పుట్టెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, అవసానకాలమందున్న నాయనమ్మను గంగాతీరమునకు గొనిపోయినప్పుడు, రాత్రి ఆ యొడ్డున చాపపై కూర్చుండియుండగా, కారణమెఱుగని ఆనందమొకటి తన్ను ముంచివైచినదని ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. తెల్లవాఱుసరికి అది పోయెను. పోయిన దానిని వెదకుటయే తరువాతి జీవితమంతయు. ఒకనాడు చిరిగిన కాగితమొకటి కంటబడగా, విద్యావాగీశుడు అది ఈశోపనిషత్తని తెలిపి అర్థము చెప్పెను. 1843 డిసెంబరు 21 న ఇరువదిమంది సహచరులతో గూడి దేవేంద్రుడు బ్రహ్మదీక్ష గైకొనెను. వేదపారాయణమును ప్రక్కగదినుండి సభ నడుమకు తెప్పించినవాడును ఈయనయే.

దీక్షలో మొదట ప్రతిదినమును గాయత్రీజపము చేయవలెనని నియమముండెను. అది పలువురకు కష్టమగుచున్నదని కనిపెట్టి, భక్తితో ప్రేమతో ఆత్మను పరబ్రహ్మమున నిలిపిన చాలునని దేవేంద్రుడు సడలించెను. ఇది చిన్న మార్పని చదువరులు తలపగూడదు. ఎవరు చేసినను మంత్రము మంత్రమే. చేసినది ఎన్నిమాఱులో లెక్కింపవచ్చును. మనస్సు నిలిచినదా లేదా యను లెక్కను మాత్రము తానొక్కడే చూచుకొనవలెను. ప్రార్థనలోని కష్టమంతయు అక్కడ మొదలైనది.

ఆ సమాజముననే, ఆ పత్రికాకార్యాలయముననే, ఈ మార్గమును బొత్తిగ ఒప్పుకొనని మహానుభావుడొకడు కూర్చుండియుండెను. 1843 లో వెలువడిన తత్త్వబోధినీపత్రికకు 1855 వఱకు సంపాదకుడైన అక్షయకుమార దత్తు. బీదకుటుంబమున పుట్టి స్వయంకృషిచే శాస్త్రములు నేర్చినవాడు. ఈశ్వరుడు ప్రపంచమునకు నియమముల నేర్పఱచెను. ఆ నియమముల నెఱిగి నడచుకొనుటయే ఆయనకు పూజ. వేఱు పూజ యక్కఱలేదు. ఇది ఆయన సిద్ధాంతము. ఆయన చేరిన ఆత్మీయసభలో ఈశ్వరుని గుణములను చేతులెత్తించి నిర్ణయించెడివారట. ఈశ్వరుడు ఆనందస్వరూపుడా కాడా యని యొకరు ప్రశ్నింతురు. ఔననువారు చేతులెత్తుదురు. ఎక్కువ చేతులు లేచిన పక్షము గెలుచును! దేవేంద్రుడు దీనినెంత బాధతో వ్రాసెనో స్వీయచరిత్రలో చూడవచ్చును. నవ్వు వచ్చెడి సంగతియే గాని, ఈ చేతులెత్తుటను మఱవకుడని చదువరులను కోరుచున్నాను. దానితో మఱల పనిపడును.

ప్రార్థన విషయమున అక్షయకుమారుడు విద్యార్థులకు చెప్పిన బీజగణితము కలకత్తా యంతయు ప్రాకెను. కృషీవలుని శ్రమ వలన పంట పండును. శ్రమయు ప్రార్థనయు గలిసినను అదే పంట పండును. కావున ప్రార్థన విలువ సున్న. పిల్లలు దీనిని వీథులలో వల్లించిరి.

ఈ సున్నను లెక్కలతో పరీక్షింపవలెనని తరువాత పలువురు పూనుకొనిరి. ఫ్రాన్సిస్ గాల్టను అను పండితుడు 1872 లో ఆంగ్లదేశమున నొక వ్యాసము ప్రకటించెను. దేవాలయములన్నిటను ప్రతివారమును రాజుల దీర్ఘాయువుకొఱకు ప్రార్థింతురు గదా. సంపన్నవర్గములవారిలో నెల్ల రాజకుటుంబములవారే తక్కువయేండ్లు జీవించుచున్నారని ఆయన పట్టిక వేసి చూపెను. మఱియు 2006 లో అమెరికాదేశపు వైద్యులు, గుండెకు శస్త్రచికిత్స చేయించుకొన్న 1802 మంది రోగులను మూడు తెగలుగా విభజించి చేసిన పరీక్షాఫలితములను ప్రచురించిరి. తమకొఱకు ఇతరులు ప్రార్థించుచున్నారో లేదో తెలియని రెండు తెగలలో, నిజముగా ప్రార్థన జరిగిన తెగయందు నూటికి 52 మందికిని, జరుగని తెగయందు 51 మందికిని చికిత్సానంతరము చిక్కులు కలిగెను. ప్రార్థించుచున్నారని నిశ్చయముగా తెలిసిన మూడవ తెగయందు నూటికి 59 మందికి కలిగెను! తనకొఱకు ప్రార్థనలు జరుగుచున్నవని విన్న రోగి, తన స్థితి అంత విషమించినదా యని బెదరెనో యేమో. ఎట్లైనను అక్షయకుమారుని సున్న సున్నగానే నిలిచినది. ప్రార్థన పంటను పెంచునని, జ్వరమును దింపునని వాదించుటకు నేను పూనుకొనను. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుని పిలువవలెను.

కాని మా యింట జరిగిన దానినొకదానిని చెప్పవలసియున్నది. మా మేనత్త తన కుమారుని జబ్బులో ముడుపు కట్టెను. బాలుడు దక్కలేదు. దేవునిగూటిలోని ముడుపు నెవ్వరును తాకలేదు. ఆ మాట నెవ్వరును ఎత్తలేదు. ఏడాది తిరిగిన పిమ్మట ఆమె కొండకు పయనమై, ముడుపును చెంగున కట్టుకొని బయలుదేఱెను. కోరిక తీఱనప్పుడు మ్రొక్కేమిటని నేనడిగితిని. నాకప్పుడు లెక్కలన్న మిక్కిలి యిష్టము. “మ్రొక్కుకొన్నది నేను గదా, నాయనా” అని మాత్రము ఆమె పలికెను. తిరిగివచ్చిన తరువాత, ఏడాదిగా గడపదాటని మనిషి, పొరుగింటి పిల్లల జబ్బులలో రాత్రులు మేలుకొని కూర్చుండ సాగెను. ఈ ముడుపును అక్షయకుమారుని సమీకరణమున ఎక్కడ వేయవలెనో నాకు నేటికిని తెలియలేదు. ఆయన లెక్కలో కుడివైపున నున్నది పంట యొక్కటే. దున్నువాడేమయ్యెనో ఆ లెక్క చూపదు.

దేవేంద్రుడు అక్షయకుమారునితో ఈ విషయమున గట్టిగా వాదింపలేదు. తాను వెదకునది మనుష్యునకు ఈశ్వరునితోడి సంబంధమనియు, ఆతడు వెదకునది మనుష్యునకు బాహ్యవస్తువులతోడి సంబంధమనియు, రెంటికిని భూమ్యాకాశముల దూరమనియు మాత్రము వ్రాసికొనెను. ఆయన ప్రార్థన ఏమి చేసెనో తెలిసికొనుటకు వాదములకంటె ఆయన కష్టకాలమును చూచుట మేలు. తండ్రి ద్వారకానాథుడు 1846 ఆగష్టు 1 న లండనులో మరణించెను. పూర్వాచారమున విగ్రహసన్నిధిని శ్రాద్ధము పెట్టనన్నచో బంధువులందఱు విడుతురు. పెట్టినచో దీక్ష భంగమగును. ఆయన పెట్టలేదు, బంధువులు విడిచిరి. తరువాత ఏడాదిన్నర గడవకమున్నే కుటుంబవ్యాపారసంస్థ కూలెను. ఇయ్యవలసినది కోటి రూపాయలు, రావలసినది డెబ్బదిలక్షలు. తండ్రి ముందుచూపుతో కొన్ని జమీనులను అప్పులవారి చేతికి చిక్కకుండ ధర్మకర్తలపేర వ్రాసియుంచెను. చట్టప్రకారము వానిని ముట్టు హక్కు ఋణదాతలకు లేదు. దేవేంద్రుడు వానినిగూడ తెచ్చి ఋణదాతల ముందు పెట్టెను. ఆ సాయంకాలము ఇంటికి పోవుచు, ఏమియు వలదని తాను కోరుకొనుచుండగా నిజముగనే ఏమియు లేకపోయెనని సంతోషించినట్లు ఆయన వ్రాసెను. ధనవంతుని బిడ్డకు ఇట్టి సంతోషము లోకసహజము గాదు. అది ఎక్కడనుండి వచ్చినదో వెదకుచు పోయిన, ప్రతి యుదయమును ఆయన కూర్చుండిన చోటికి పోయి చేరుదుము.

ఈయనను ఆకాశమున కెత్తుటయు నా యుద్దేశము గాదు. యజ్ఞోపవీతమును విడిచినవారే వేదిక నెక్కవలెనని యువకులు పట్టుబట్టినప్పుడు ఆయన వెనుదీసెను. 1866 లో సమాజము చీలుటకు అది యొక ముఖ్యకారణము. 1873 లో తన కుమారుడు రవీంద్రునకు ఉపనయనము జరిపించెను. సంపదను వదలుకొనజేసిన ధ్యానము జందెమును వదలింపలేదు. ఏకాంతమున గంటలకొలది కూర్చుండువానికి తన మనస్సులోని మలినము కనబడును గాని, తన కులముచే ఇతరులకు కలుగు నొప్పి కనబడకపోవచ్చును.

ఆ యువకుల నాయకుడు కేశవచంద్ర సేనుడు. 1838 లో పుట్టి, 1857 లో సమాజమున చేరినవాడు. బెంగాలు బ్యాంకులోని కొలువును 1861 లో వదలి మతప్రచారమునకు కడగెను. 1862 ఏప్రిలు 13 న దేవేంద్రుడు ఈతనిని ఆచార్యునిగా నియమించు నుత్సవమునకు, ఇంటి పెద్దలు అడ్డుపడుచున్నను లెక్కసేయక, భార్యను వెంటబెట్టుకొని పోయెను. దానికై పుట్టినింట కొంతకాలము అడుగుపెట్టనీయబడలేదు. ఉపాసనకు పురుషుడొక్కడు పోవుటయు, స్త్రీ వంటయింట నిలుచుటయు మన కిప్పటికిని వింతగా దోచని యిండ్లున్నవి గనుక దీనినిక్కడ చెప్పితిని.

కేశవుని ప్రార్థన రాయలవారి స్మరణము గాదు, దేవేంద్రుని మౌనము గాదు. అది మొఱ. పాపినైతిని, బలము నిమ్ము, వెలుతురు నిమ్ము అని ప్రతిదినమును అప్పటికప్పుడు నోటికి వచ్చిన మాటలతో అడుగుట. గ్రంథముకంటెను గురువుకంటెను ముందు ప్రార్థనయే తన్ను పట్టినదని, జీవనవేదమను తన గ్రంథమున మొదటి యధ్యాయమునే దానికిచ్చెను. అడిగినవాడు బదులునుగూడ వినవలెను గదా. ప్రార్థించు హృదయమున ఈశ్వరుడు పలుకును; ఆ పలుకు ఆదేశము; దానిని మీఱరాదు. ఇది కేశవుని మతము. ఈ నమ్మకము ఆతనిని ధైర్యవంతుని జేసెను. కొలువు వదలుమన్నది ఆదేశమే. ఇల్లు విడిచియైనను భార్యను గొనిపొమ్మన్నదియు అదియే. అప్పుడెల్ల ఆదేశము ఆతని లాభమునకు ఎదురుగ నడచెను.

బాల్యవివాహములను మాన్పుటకు కేశవుడు పడిన శ్రమ సామాన్యము గాదు. బాలికలకు ఏ యేట వివాహము తగునని వైద్యులకు లేఖలు వ్రాసి వారి యభిప్రాయములను కూర్చెను. ఆ శ్రమఫలముగా వచ్చిన 1872 సంవత్సరపు మూడవ చట్టము, దానిక్రింద పెండ్లియాడు వరునకు పదునెనిమిది, వధువునకు పదునాలుగు ఏండ్లు నిండవలెనని విధించెను. దేశమునకంతకును వర్తించునట్లు అదే పదునాలుగేండ్ల హద్దు చట్టమగుటకు 1929 రావలసివచ్చెను. అంతటి దూరదృష్టి కేశవునిది.

అట్టివాడు 1878 మార్చి 6 న పదునాలుగేండ్లు నిండని తన కుమార్తె సునీతిని పదునాఱేండ్లైనను నిండని కూచ్ బిహారు మహారాజునకిచ్చి పెండ్లి చేసెను. రాజును సీమకు పంపుటకు ముందు వివాహము జరుగవలెనని దొరతనమువారు తొందరించిరి. రాజాస్థానపురోహితులు తమ పద్ధతులకు పట్టుబట్టిరి. బ్రహ్మసమాజమువారు దేశమంతటినుండియు వలదని లేఖలు వ్రాసిరి. కేశవుని సమాధానమొక్కటే: ఇది ఆదేశము.

న్యాయముగా ఆతని పక్షమునగూడ చెప్పవలెను. పెండ్లి యైన వెంటనే రాజు సీమకు పోయెను. దంపతులు కలిసి కాపురము చేయుట తరువాతనే. సునీతీదేవి పెద్దదై, 1921 లో ఆంగ్లమున ప్రకటించిన స్వీయచరిత్రయందు తండ్రిని తప్పుపట్టలేదు. కేశవుడు బొంకెనని నేనును అనను. బొంకియుండిన మన పని సులభమయ్యెడిది. వంచకుని ఖండించి యూరకుందుము. ఇరువదియేండ్లు ప్రొద్దుట సాయంకాలము కన్నీటితో ప్రార్థించినవాడు, నిజముగా ఆ పలుకును వినియుండవచ్చును. వెఱపు పుట్టించునది అదియే. వలదని బుద్ధి చెప్పుచున్నది, తానే తెచ్చిన చట్టము చెప్పుచున్నది, మిత్రులు చెప్పుచున్నారు. లోపలి పలుకొక్కటి ఔననుచున్నది. ఆ పలుకు ఈశ్వరునిదో, బిడ్డను మహారాజ్ఞిగా చూడగోరిన తండ్రిదో, వేఱుచేసి చూపు సాధనము ఆతనియొద్ద లేకపోయెను. అడుగుట నేర్చిన వానికి, తన మాటను తానే విని ఈశ్వరుని మాటయనుకొనుట ఎంత సులభమో! మౌనముగా కూర్చుండిన దేవేంద్రునకు ఈ యపాయము తక్కువ. కాని ఆ మౌనములో జందెము దాగినట్లే, ఈ మొఱలో కోరిక దాగెను.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదను. మందిరపు వేదిక ఎవరిదని తగవు పుట్టి, ప్రార్థనాసమయమున పోలీసువారు రావలసివచ్చెను. 1878 మే 15 న కలకత్తా పురమందిరమున సభ కూడి సాధారణ బ్రహ్మసమాజము నేర్పఱచిరి. ఆనందమోహన వసువు అధ్యక్షుడు. కొలువు వదలి వచ్చిన శివనాథశాస్త్రి ప్రచారకుడు. వృద్ధుడగు దేవేంద్రుడు వారికి ఆశీస్సులు పంపెను. వీరు ప్రార్థనను విడువలేదు. కేశవుడు నేర్పిన మొఱనే పెట్టుచుండిరి. అయితే ఒకరికి వినబడిన పలుకు మఱియొకరికి శాసనము గాదనియు, సమాజకార్యములను సభ్యు లెన్నుకొన్న సంఘమే నడపవలెననియు నిబంధన చేసికొనిరి. ఆత్మీయసభలో లేచిన చేతులు ఇక్కడ మరల లేచినవి. అప్పుడు ఈశ్వరుని నిర్ణయించుటకు లేచి నవ్వులపాలైనవి. ఇప్పుడు ఈశ్వరుని పేర మాటలాడు మనుష్యుని నిలిపి ప్రశ్నించుటకు లేచినవి. ఏకాంతప్రార్థనకు బహిరంగసభ కావలి యగుట మన దేశచరిత్రలో తఱచుగా కనబడదు.

కేశవుడు 1864 లో చెన్నపట్టణమునకు వచ్చియుండెను. ఆ యేటనే అక్కడ వేదసమాజము పుట్టెను. చెంబేటి శ్రీధరులు నాయుడు 1871 లో దానిని దక్షిణభారత బ్రహ్మసమాజముగా మార్చి, బ్రహ్మధర్మగ్రంథములను తెనుగునకును అరవమునకును తెచ్చి, 1874 లోనే గతించెను. రాయలవారి ప్రక్కగదిలో ఇద్దఱు తెలుగువారు ఎవరికిని కనబడక వల్లించిన దానికి బదులుగా, ఎవరైనను చదువదగిన తెనుగు పొత్తము మనకు చేరుటకు నలుబదియేండ్లకు పైగా పట్టినది.

రాజమహేంద్రవరమున ఆ భావములను పట్టుకొన్నవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముఖ్యులు. కూచ్ బిహారు వివాహమునకు మూడేండ్ల తొమ్మిదినెలల పిమ్మట, 1881 డిసెంబరు 11 వ తేదీ రాత్రి, పంతులుగారి యింట మఱియొక వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, బాలవితంతువు. ఈ వధువును చిన్నదియే. బాల్యవివాహము చేసిన గాయమును మాన్పబోయిన పెండ్లియది. ఊరిపెద్దలు బహిష్కరించిరి. వీథిలో అల్లరి జరుగకుండ విద్యార్థులు కాచిరి. ఇక్కడ రాజు లేడు, దొరతనపు తొందర లేదు, ఇంటికి వచ్చు లాభమేమియు లేదు. వంటవారు రామనిరి, నీళ్లు మోయువారు మానిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని తామే గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారికెల్ల వండి వడ్డించిరి.